ఊరుకోని ఎడమ చెయ్యి

2007 నవంబర్ 8, గురువారం

మళ్లీ గాజు గ్లాసు. ఈ నెలలో మూడోది. పగిలినందుకు కాదు నా కోపం. "చూసుకోవాలి కదే" అంటే, "నేను చూశాను అమ్మీ, చెయ్యే చూడలేదు" అంది షిరీన్. పదేళ్ల పిల్ల. ఐదో తరగతి. అది పొగరో అమాయకత్వమో నాకు అర్థం కాదు.

పన్నెండేళ్ల వయసు నుంచి తివాచీ మగ్గం ముందు కూర్చున్న చేతులు నావి. కళ్లు మూసుకుని ముడి వేస్తాను. నా కడుపున పుట్టిన పిల్ల గౌను గుండీ పెట్టుకోవాలంటే నాలుక బయటపెట్టి కుస్తీ పడుతుంది. ఒంటికాలి మీద నాలుగు గెంతులు గెంతలేదు. తొక్కుడుబిళ్లలో దీన్ని ఎవరూ తమ జట్టులో వేసుకోరు. తంగెళ్లమూడిలో మా వీధి మొత్తం మీద ఇలాంటి పిల్ల నాకే పుట్టాలా?

హోంవర్కు దగ్గర ఇంకో వింత. కుడి చేత్తో రాస్తుంటే ఎడమ చేతి వేళ్లు కూడా వాటంతట అవే ఆడుతుంటాయి. ఊరికే ఉంచమంటే రెండు నిమిషాలు ఉంచుతుంది. మళ్లీ మొదలు. చూస్తుంటే నన్ను వెక్కిరిస్తున్నట్టే ఉంటుంది.

ఈ రోజు చిన్న ఉపాయం చేశాను. అరగంట కుదురుగా రాసింది.

నవంబర్ 13

ఉపాయం పని చేస్తోంది. అక్షరాలు కాస్త గీత మీద నిలబడ్డాయి. మా ఆయనకు చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద విషయం కాదు.

నవంబర్ 23, శుక్రవారం

స్కూలు డైరీలో లెక్కల సారు వెంకట్రాజు గారు ఎర్ర సిరాతో రాశారు: "తరగతిలో ధ్యాస లేదు. పిలిస్తే పలకదు. కాళ్లు ఊపుతూనే ఉంటుంది. పెంపకం మీద శ్రద్ధ పెట్టగలరు."

పెంపకం! నేను పెంచే తీరు ఈయనెప్పుడు చూశాడు? పొద్దున ఐదింటికి లేచి నమాజు చేసుకుని, వండి, జడ వేసి, రెండుసార్లు చెప్పులు సరిచేసి, పుస్తకాలు సర్ది పంపుతాను. ఇది ఆ పుస్తకాల్లో సగం స్కూల్లో పోగొట్టుకుని వస్తుంది. అల్లరి చేస్తుందా అంటే చెయ్యదు. అల్లరి చేస్తే నలుగురూ పట్టించుకునేవాళ్లు. ఇది ఎవరికీ అడ్డు రాదు, నెమ్మదిగా ఎక్కడికో వెళ్లిపోతుంది. శరీరం మాత్రం బెంచీ మీద ఊగుతూ ఉంటుంది.

ఆయన కొల్లేరు నుంచి చేపల వ్యాను దించి మధ్యాహ్నానికి వచ్చారు. సారు రాసింది చూపించాను. "పోనీలే సబీహా, పెద్దయితే అదే సర్దుకుంటుంది" అన్నారు. తాహిర్ గారికి లోకంలో ఏదైనా అదే సర్దుకుంటుంది.

డిసెంబర్ 11, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఈ రోజు అర్ధ సంవత్సర పరీక్షల్లో లెక్కలు. పదకొండు గంటలకు స్కూలు ఆయా వచ్చి రమ్మంది. వట్లూరు రోడ్డు దాకా ఆటోలో వెళ్లాను. షిరీన్ ఆఫీసు బయట వరండాలో మోకాళ్ల మీద ఉంది. ఎండలో. కుడి చేతి వేళ్ల మీద స్కేలు వాతలు రెండు.

కాపీ కొట్టించిందట. ఎలాగంటే, సరైన జవాబు గుర్తించే ప్రశ్నలు ఉన్నాయి కదా, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని. కుడి చేత్తో రాస్తూ, ఎడమ చేతి వేళ్లతో వెనక బెంచీలో సాహితికి సైగలు చేసిందట. వెంకట్రాజు గారు పావుగంట నిలబడి తన కళ్లతో చూశారట. కాగితం లాక్కున్నారు. సున్నా వేశారు. అందరి ముందూ దొంగ అన్నారు.

"సారూ, దాని చెయ్యి ఎప్పుడూ అలాగే ఆడుతుందండీ. ఇంట్లో కూడా అంతేనండీ" అన్నాను.

"ఏ చెయ్యైనా ఊరికే ఆడదమ్మా" అన్నారాయన.

కరస్పాండెంట్ అమరేశ్వరరావు గారు కుర్చీలోంచి లేవలేదు. "చూడమ్మా, పిల్లకు తెలివి ఉంది, దాన్ని అడ్డదారిలో పెడుతోంది. రేపు అసెంబ్లీలో క్షమాపణ చెప్పించండి, సరిపోతుంది" అన్నాడు.

అప్పుడే సాహితి వాళ్ల నాన్న వచ్చాడు. మెయిన్ బజారులో బట్టల కొట్టు ఆయనది. కాఫీ తెప్పించారు. రెండు నిమిషాలు మాట్లాడుకున్నారు. సాహితి వెళ్లి మిగతా పరీక్ష రాసుకుంది. మంచిదే, ఆ పిల్ల మాత్రం ఏం చేసింది? కానీ వెనక పిల్ల చూడలేదని ఒప్పుకున్నప్పుడు ముందు పిల్ల ఎవరికి చూపించినట్టు? గోడకా?

ఇంటికి వచ్చే దారంతా షిరీన్ ఒక్కటే మాట అంది. "నాకు జవాబులే రావు అమ్మీ. నేనేం చూపిస్తాను?"

డిసెంబర్ 12

క్షమాపణ చెప్పించలేదు. పిల్లను పంపలేదు. అయినా అసెంబ్లీలో పేరు చదివి, ఐదో తరగతి షిరీన్ పరీక్షలో మోసం చేసి పట్టుబడిందని మైకులో చెప్పారట. రెండు వీధుల అవతలి వాళ్లు వచ్చి నాకు చెబుతున్నారు. సానుభూతి అట.

డిసెంబర్ 13

దొంగ. పదేళ్ల పిల్లను. దొంగ.

డిసెంబర్ 16, ఆదివారం

తాడేపల్లిగూడెంలో విజయకుమారి గారని పిల్లల డాక్టరు ఉన్నారు. విశాఖపట్నంలో పెద్దాసుపత్రిలో చేసి రిటైరై, ఇంటి ముందు గదిలోనే చూస్తారు. నాకు ఉన్ని తెచ్చి ఇచ్చే ఆయన చెప్పాడు, వాళ్ల మనవణ్ణి అక్కడే చూపించారట. పొద్దున ఎనిమిది బస్సు. ఉంగుటూరు దాటేదాకా షిరీన్ కిటికీకి ముక్కు ఆనించి కాలవ మీద కొంగల్ని లెక్కపెట్టింది. ముప్పై ఏడు వరకు తప్పకుండా లెక్కపెట్టింది. ధ్యాస లేదన్నవాళ్లు ఆ బస్సులో ఉండాల్సింది.

డాక్టరు గారు స్టెతస్కోపు కూడా పెట్టలేదు. ఆటలా మొదలుపెట్టారు.

"ఏమ్మా షిరీన్, మడమల మీద ఆ గోడ దాకా నడువు చూద్దాం."

నడిచింది. నడుస్తుంటే దాని రెండు చేతులూ మోచేతుల దగ్గర వంగి, వేళ్లు పక్షి గోళ్లలా ముడుచుకున్నాయి. దానికి తెలియదు. ఇన్నేళ్లలో నేనూ చూడలేదు. తర్వాత ఒంటికాలి మీద నిలబడమన్నారు. నాలుగు లెక్కపెట్టేసరికి కాలు దించేసింది. చేతులు చాపి కళ్లు మూసుకోమంటే వేళ్లు సన్నగా కదిలాయి, పియానో వాయిస్తున్నట్టు.

చివరికి, "కుడి బొటనవేలిని ఒక్కో వేలికీ తాకించు, త్వరత్వరగా. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకో" అన్నారు.

కుడి చెయ్యి తడబడుతూ మొదలైంది. ఒళ్లో ఉన్న ఎడమ చెయ్యి కూడా మొదలైంది. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు. అద్దంలో చూస్తున్నట్టు. పరీక్ష హాల్లో వెంకట్రాజు గారు చూసిన ఒకటి, రెండు, మూడు, నాలుగు అవే. గోడకు కూడా చూపించలేదు నా బిడ్డ. ఎవరికీ ఏమీ చూపించలేదు.

నేను ఏడ్చాను. డాక్టరు గారు ఏడవనిచ్చి, తర్వాత నెమ్మదిగా చెప్పారు. గుర్తున్నంత వరకు రాసి పెట్టుకుంటాను.

"ఒక చెయ్యి పని చేసేటప్పుడు రెండో చేతిని ఊరుకోమని మెదడే ఆపాలమ్మా. చిన్నపిల్లలు ఎవరికైనా అది సరిగ్గా రాదు. ఎదిగేకొద్దీ వస్తుంది. కొంతమందికి ఆలస్యం. ఇవి చాలా చిన్న గుర్తులు. స్కానింగులో కనబడవు, దీనికి స్కానింగు అక్కర్లేదు కూడా. ధ్యాస నిలవని పిల్లల్లో ఇవి ఎక్కువగా చూస్తాం. కానీ ఇవి ఉన్నంత మాత్రాన ఆ జబ్బే అనకూడదు. ఏమీ లేని పిల్లల్లోనూ ఉంటాయి. అందుకే ఇంట్లో ఎలా ఉంటుందో మీరు చెప్పాలి, తరగతిలో ఎలా ఉంటుందో మాస్టారు రాసివ్వాలి. రెండూ చూశాకే ఏమైనా చెబుతాను."

మాస్టారు నింపాల్సిన ఫారం ఇచ్చారు. స్కూలుకు ఒక ఉత్తరం కూడా రాశారు. వేళ్ల కదలిక పిల్ల ఇష్టంతో జరిగేది కాదని, శిక్షించవద్దని.

ఇంతలో షిరీన్ స్వెట్టరు చెయ్యి పైకి జరిగింది. ఎడమ మణికట్టు మీద సన్నటి ఎర్ర చార. డాక్టరు గారు ఆ చెయ్యి పట్టుకుని, "ఇదేంటమ్మా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపు షిరీన్ అంది. "స్కూల్లో. సార్ కట్టారు."

"ఏ సార్?"

"లెక్కల సార్."

డాక్టరు గారు నా వైపు చూశారు. "ఇది నిజమైతే చాలా పెద్ద తప్పు. ముందు కనుక్కోండమ్మా. కనుక్కోకుండా ఏమీ చెయ్యకండి" అన్నారు.

కనుక్కోవడానికి ఏముంది? దొంగ అన్నవాడు కట్టలేడా? స్కేలుతో కొట్టినవాడు కట్టలేడా?

నేను ఎప్పుడైనా కట్టినా ఉన్ని దారంతో, వదులుగా. ఉన్ని మెత్తగా ఉంటుంది. దానికి చార పడదు. ఇది ఉన్ని వల్ల పడింది కాదు.

డిసెంబర్ 17, సోమవారం

డాక్టరు గారి ఉత్తరం ఒక కవరులో, నా ఫిర్యాదు ఇంకో కవరులో. నాలుగు పేజీలు రాశాను. ఇంటర్‌లో తెలుగులో నాకు డెబ్బై ఎనిమిది వచ్చాయి, అన్నీ ఈ రోజు పనికొచ్చాయి. వాతల గురించి, ఎండలో మోకాళ్ల గురించి, మైకు గురించి రాశాను. చెయ్యి కట్టిన సంగతి అన్నిటికంటే పైన రాశాను. అది చదివితే ఎవడైనా తల దించుకోవాలి. విలేకరుల దగ్గరకు వెళతానని కూడా రాశాను.

ఇస్తూ గట్టిగా అరిచాను కూడా. ఆఫీసులో టైపు చేసే అమ్మాయి చెయ్యి ఆపేసి నన్నే చూసింది. పిల్లి వస్తే దాక్కునే సబీహా కాదు ఆ మాట్లాడింది.

డిసెంబర్ 19

తీసేశారు! వెంకట్రాజు గారిని నిన్న సాయంత్రమే ఉద్యోగంలోంచి తీసేశారు. అమరేశ్వరరావు గారు స్వయంగా ఫోను చేశారు, పక్కింటి వాళ్ల ల్యాండులైనుకు. "మా స్కూల్లో అలాంటి క్రూరత్వాన్ని క్షణం కూడా సహించమండీ" అన్నారు. అండీ అన్నారు. పది రోజుల్లో చూడమ్మా నుంచి అండీకి వచ్చాం.

సున్నా సంగతి అడిగితే, "అది తర్వాత చూద్దామండీ" అన్నారు.

షిరీన్‌కు చెప్పాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. "సార్ ఇంక రారా?" అంది. రారు అన్నాను. వెళ్లి మగ్గం వెనక కూర్చుంది.

డిసెంబర్ 21

బక్రీదు. కొత్త గౌను వేసుకోనంది. బిర్యానీ ముందు కూర్చుని అన్నం మెతుకులు వేరుచేస్తూ ఉంది. జ్వరమేమో అని చూశాను. లేదు.

డిసెంబర్ 23, ఆదివారం

మధ్యాహ్నం వెంకట్రాజు గారు మా ఇంటికి వచ్చారు.

గుమ్మం బయటే నిలబడ్డారు. ఉంగుటూరు నుంచి బస్సులో వచ్చారట. చొక్కా ఇస్త్రీ చేసుంది, కాలరు చిరిగి ఉంది. బడిలో కనిపించినంత ఎత్తుగా లేరు. తాహిర్ గారు ఊళ్లో లేరు. కూర్చోమని నేను అనలేదు.

"ఉద్యోగం అడగడానికి రాలేదమ్మా. ఒక్క మాట అడగడానికి వచ్చాను. స్కేలుతో కొట్టాను, ఒప్పుకుంటాను. మోకాళ్ల మీద ఉంచాను. దొంగ అన్నాను. అన్నీ చేశాను. చెయ్యి కట్టానా నేను? ఎప్పుడు కట్టాను?"

నేను లోపల మగ్గం వైపు చూశాను.

"ఇంకో సంగతి మీకు తెలియాలి. పద్దెనిమిదో తారీకు పొద్దున పేపర్లు దిద్దాను. మీ అమ్మాయి దగ్గర లాక్కున్న కాగితం, సాహితి కాగితం పక్కపక్కన పెట్టి చూశాను. పది ప్రశ్నల్లో ఒక్క జవాబు కలవలేదండీ. ఒక్కటి కూడా. డాక్టరు గారి ఉత్తరం కూడా నాకు చూపించారు. వెంటనే కరస్పాండెంటు గారి దగ్గరకు వెళ్లి, పొరపాటు నాదేనండీ, సున్నా తీసేసి అసెంబ్లీలో నేనే చెబుతాను అన్నాను. మైకులో అన్న మాట వెనక్కి తీసుకుంటే స్కూలు పరువేం కావాలన్నారు. వినను అన్నాను. సాయంత్రానికి మీ ఫిర్యాదు బల్ల మీద పెట్టి, దీనికేమంటావు, ఇక వెళ్లు అన్నారు."

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులువయ్యేది. నేనూ అరిచేదాన్ని.

"మూడు స్కూళ్లకు వెళ్లాను. అప్పటికే అందరికీ తెలిసింది. పిల్ల చెయ్యి కట్టేసిన మాస్టారు అంటున్నారు. అమ్మా, పాపను ఒక్కసారి పిలవండి."

పిలవక్కర్లేకపోయింది. షిరీన్ మగ్గం పక్కనుంచి వచ్చి నిలబడింది. "సార్ కట్టలేదు" అంది.

"మరి ఎవరు కట్టారమ్మా?"

షిరీన్ నా వైపు చూడలేదు. నా వైపు చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడిందంటే, దాని మెడ నరాలు కనిపించాయి. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

వెంకట్రాజు గారు దాన్ని చూశారు. తర్వాత నన్ను చూశారు. "సరేనమ్మా. ఇంక అడగను" అని వెళ్లిపోయారు.

డిసెంబర్ 24

ఏమీ లేదు.

డిసెంబర్ 25

నేను కట్టాను. ఎప్పుడో ఒకసారి కాదు. ఇందులో ఉపాయం అని రాసుకున్న రోజు నుంచి, హోంవర్కు రాసే ప్రతి రోజూ. ఉన్ని దారం తెగుతోందని రెండో వారం నుంచి మగ్గానికి వాడే నూలు పోగుతో కట్టాను. చేతిని బల్ల కాలికి కట్టాను. అది ఏడిస్తే అక్షరాలు వంకర పోతున్నాయని ఇంకా బిగించాను. పరీక్షల ముందు వారం రోజుకు రెండు గంటలు.

రాశాను. ఇది ఇక్కడే ఉంటుంది.

డిసెంబర్ 27, గురువారం

క్రిస్మస్ సెలవులు. ఆయన వ్యానులో మా ఇద్దర్నీ కొల్లేటికోట తీసుకెళ్లారు. చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేశాక అక్కడ పని సగానికి పడింది. మిగిలిన సగం కోసం ఆయన వారానికి మూడుసార్లు తిరుగుతారు. అబ్రహాం అని తెలిసిన పడవాయన ఉన్నాడు. షిరీన్‌ను పడవ ఎక్కిస్తుంటే కాలు జారి మోకాలి దాకా బురదలో పడింది. మామూలే. కానీ పడవ తోసే గడ చేతికిచ్చాక ఒక వింత చూశాను. రెండు చేతులతోనూ పట్టుకుని నీళ్లలోకి దించి తోసింది. పడవ తిన్నగా కదిలింది. రెండు చేతులూ ఒకే పని చేస్తే దానికి ఏ తడబాటూ లేదు.

"అమ్మాయికి గడ పట్టడం వచ్చేసిందండీ. మావాడికి నెల పట్టింది" అన్నాడు అబ్రహాం.

అది గూడబాతుల వైపు పడవ తోసుకుంటూ పోతుంటే, గట్టు మీద కూర్చుని ఆయనకు చెప్పాను. మొత్తం చెప్పాను.

ఆయన కోపం నేను పన్నెండేళ్లలో రెండుసార్లు చూశాను. ఇది మూడోది.

"నా పిల్లను మేకను కట్టినట్టు కట్టావా?"

"అక్షరాలు బాగుపడతాయని..."

"నా అక్షరాలు ఎప్పుడైనా చూశావా సబీహా? సంతకం తప్ప నేను ఏదీ నీ ముందు రాయను. ఎందుకో ఎప్పుడైనా అడిగావా? ఇలాగే ఆడుతోందని మా ఉస్తాద్ బెత్తంతో నా ఎడమ చేతి మీద కొట్టి కొట్టి, చివరికి చదువే మానిపించాడు. షిరీన్ చెయ్యి ఆడడం నేను చూస్తూనే ఉన్నాను. నా పోలికేలే అనుకున్నాను."

"చూసీ నాకు చెప్పలేదా?" నాకూ కోపం వచ్చింది. "అదే సర్దుకుంటుంది, అదే సర్దుకుంటుంది అంటూ తిరిగారు. మీకు తెలిసి కూడా! ఒక్క మాట చెప్పి ఉంటే?"

షిరీన్ బురద కాళ్లతో వచ్చి, "నూట నాలుగు బాతులు. రెండు ఎగిరిపోయాయి" అంది.

2008 జనవరి 2, బుధవారం

సెలవులయ్యాక స్కూలు తెరిచారు. వెళ్లి అమరేశ్వరరావు గారి ముందు నిలబడి చెప్పాను. "చెయ్యి కట్టింది నేనండీ. మాస్టారు కాదు. ఆయన్ను తిరిగి తీసుకోండి. మిగతా ఫిర్యాదంతా నిజం. సున్నా తీసేయండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వలేదు కానీ మొహం తేటపడింది.

"అంటే మీ ఫిర్యాదు అబద్ధమన్నమాట."

"అందులో ఒక మాట అబద్ధమండీ. మిగతాది..."

"అబద్ధం అబద్ధమేనమ్మా. రాసివ్వండి." మళ్లీ అమ్మా.

రాశాను. ఏది అబద్ధమో, ఏది నిజమో విడివిడిగా రాశాను. రెండు కాపీలు రాసి, ఒకదాని మీద స్కూలు స్టాంపు వేయించుకునేదాకా కుర్చీ వదల్లేదు. ఆయన పైపేరా ఒక్కటే చదివాడు. చదివి గుమాస్తాను పిలిచి, "ఈ అమ్మాయికి టీసీ రాయండి" అన్నాడు.

"ఎందుకండీ?"

"మా స్కూలు మీద అబద్ధపు ఫిర్యాదు చేసినవాళ్ల పిల్లను ఎలా ఉంచుకుంటాం? పైగా డాక్టరు గారే రాశారు కదా, మెదడులో లోపమని. ఇలాంటి పిల్లలకు వేరే స్కూళ్లు ఉంటాయి."

లోపం అనే మాట ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు! నేను పదిసార్లు చదివాను. "మాస్టారు సంగతేంటండీ?" అంటే, ఆయన స్థానంలో ఇంకొకరు చేరిపోయారన్నాడు. నా అబద్ధం కావలసినప్పుడు ఒక్క రోజులో నమ్మారు. నా నిజం వినడానికి మాత్రం ఒక్క పేరా చాలింది. ఆ ఒక్క పేరాతోనే వాళ్లు చేసిందంతా కప్పేశారు. నేను తప్పు చేశాను. చేశానని చెప్పడానికే వెళ్లాను. నా తప్పు వాళ్లకు దుప్పటి ఎలా అవుతుంది?

టీసీలో ప్రవర్తన అన్నచోట "తృప్తికరం కాదు" అని రాశారు. ఎవరి ప్రవర్తన?

జనవరి 6, ఆదివారం

ఉంగుటూరు వెళ్లాను. స్టాంపు ఉన్న కాపీ వెంకట్రాజు గారికి ఇచ్చాను. డాక్టరు గారి ఫారం కూడా ఇచ్చి, నింపమని అడిగాను. ఏ మొహం పెట్టుకుని అడిగానో నాకే తెలియదు. ఆయన తల్లి మంచినీళ్లు ఇచ్చింది. నేనెవరో ఆవిడకు తెలియదు.

ఆయన కాపీ రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. ఫారం తీసుకుని అరగంట కూర్చుని నింపారు. ప్రతి ప్రశ్న దగ్గరా ఆగి ఆలోచించారు. అడగకపోయినా వెనక వైపు ఇంకో పది లైన్లు రాశారు. జూన్ నుంచే వేళ్ల కదలిక చూశానని, దాన్ని పొగరనుకున్నానని, రాత మొదలైతే కదలిక మొదలై, రాత ఆగితే ఆగుతుందని ఇప్పుడు గుర్తుకొస్తోందని. పరీక్షలో పిల్ల ఏ తప్పూ చెయ్యలేదని. కింద పూర్తి సంతకం, తేదీ.

"సార్, నన్ను క్షమించండి" అన్నాను.

"క్షమించలేదండీ" అన్నారు. మర్యాదగానే. "నేను పాప ముందు మోకాళ్ల మీద నిలబడితే తను నన్ను క్షమిస్తుందా? తెలీదు. మీ సంగతీ అంతే. కానీ చూసింది చూసినట్టు రాశాను. ఫారం డాక్టరు గారికి అందించండి."

కాపీ చూపించి అక్కడి ట్యుటోరియల్‌లో ఉద్యోగం అడుగుతారట. తీసుకుంటే తీసుకుంటారు.

జనవరి 13

డాక్టరు గారికి కట్టిన సంగతి కూడా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "బలవంతంగా ఆపితే పిల్ల ధ్యాసంతా ఆ చేతి మీదే పోతుందమ్మా, రాత మీద ఇంకేం మిగులుతుంది?" అన్నారు. రెండు వైపుల నుంచి వచ్చినవీ చూసి, ధ్యాస నిలవకపోవడమేనని చెప్పారు. ఆడపిల్లల్లో ఆలస్యంగా పట్టుకుంటామట, వాళ్లు ఎవరినీ ఇబ్బంది పెట్టరు కాబట్టి. ఎవరినీ ఇబ్బంది పెట్టనందుకు ఐదేళ్లు ఎవరూ చూడలేదు!

మందు గురించి ఇంకో నెల చూసి చెబుతానన్నారు. రోజూ పది నిమిషాలు బంతి, గెంతులు. హోంవర్కు పావుగంట చొప్పున, మధ్యలో లేచి తిరగనివ్వాలి. ఎడమ చేతికి ఏ పనీ చెప్పక్కర్లేదు. ఆడితే ఆడుతుంది.

జనవరి 21

మునిసిపల్ స్కూల్లో చేర్చాము. హెడ్‌మిస్ట్రెస్ హన్నమ్మ గారు టీసీ చదివి, ప్రవర్తన దగ్గర వేలు పెట్టి, "ఇది రాసినాయన ఈ పిల్లను ఎప్పుడైనా చూశాడా అండీ?" అన్నారు. ముందు బెంచీలో కూర్చోబెట్టారు. సగం పుస్తకాలు ఇక్కడా పోగొట్టుకుంటోంది. సున్నా మాత్రం ఇంకా ఆ స్కూలు రిజిస్టరులో అలాగే ఉంది. డీఈవో ఆఫీసుకు వెంకట్రాజు గారు రాసింది జత చేసి అర్జీ పెట్టాను. గుమాస్తా సోమవారం రమ్మన్నాడు. వెళతాను. ప్రతి సోమవారం వెళతాను.

ఫిబ్రవరి 10, ఆదివారం

నిన్న సాయంత్రం షిరీన్ హోంవర్కు రాస్తోంది. నేను మగ్గం దగ్గర ఉన్నాను. డీఈవో ఆఫీసు గుమాస్తా మూడోసారి తిప్పి పంపినందుకు తాహిర్ గారితో గట్టిగా మాట్లాడుతున్నాను. అమరేశ్వరరావును తిట్టాను, గుమాస్తాను తిట్టాను, ఆ స్కూలు మైకును తిట్టాను. ఆయన అన్నింటికీ ఊకొట్టి టీ తాగడానికి బయటకు వెళ్లారు.

షిరీన్ పెన్సిలు కింద పెట్టింది.

"అమ్మీ, నువ్వు వెంకట్రాజు సార్ మీద అరిచావు. కరస్పాండెంట్ సార్ మీద అరిచావు. నాన్న మీద రోజూ అరుస్తావు. అంతా నా కోసమే అంటావు."

"నీ కోసమే కదే."

"మరి నాకు కోపం వస్తే నేనెవరి మీద అరవాలి?"

మగ్గం మీద చెయ్యి ఆగిపోయింది. ఆ సారు కట్టారని ఎందుకు చెప్పావని నేను దాన్ని ఇంతవరకూ అడగలేదు. దాని మాట నాకు పనికొచ్చింది కాబట్టి. క్షమాపణ కూడా ఊరంతా తిరిగి చెప్పాను. దానికి తప్ప.

దాని ముందుకు వెళ్లి కింద కూర్చున్నాను. "నా మీద అరువు" అన్నాను. "కట్టింది నేను. నీ తప్పేం లేదు. అప్పుడూ లేదు."

"అరిస్తే కొట్టవుగా?"

"కొట్టను."

"ఏడవవుగా? నువ్వు ఏడిస్తే నేను అరవలేను."

"ఏడవను."

కాసేపు నన్నే చూసింది, నిజమేనా అన్నట్టు. తర్వాత అరిచింది. మొదట మాటలు లేవు, ఉత్త అరుపే. తర్వాత మాటలు వచ్చాయి. నొప్పి పుట్టింది, నొప్పి పుట్టిందని చెప్పాను, నువ్వు వినలేదు, రోజూ వినలేదు. కుడి పిడికిలితో బల్ల మీద గుద్దుతూ అరిచింది. ఎడమ పిడికిలి కూడా గాలిలో గుద్దుతూ ఉంది.

వీధిలో మగ్గాల చప్పుడు ఆగింది. పక్కింటి వాళ్లు గుమ్మంలోకి వచ్చారు. ఎదురింటి ముసలాయన చేతికర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు. తలుపు వేద్దామని లేవబోయాను.

వేయలేదు. విననీ.